మస్కట్ పడవలు, యానాం పెళ్ళిళ్ళు

జెండా తగాదా అనగానే మన సీమవాళ్ళకు గుర్తుకొచ్చేది విదురాశ్వత్థం. 1938 ఏప్రిల్ 25న అక్కడ కాంగ్రెసు జెండా ఎత్తటానికి కూడిన జనం మీద మైసూరు పోలీసులు తుపాకులు పేల్చారు. గౌరిబిదనూరు తాలూకా అప్పుడు మన కోలారు జిల్లాలోనే ఉండేది, 2007లో చిక్కబళ్ళాపురం జిల్లాకు పోయింది. కాల్పుల తరువాత సర్దార్ పటేల్, దివాన్ మీర్జా ఇస్మాయిల్ మాట్లాడుకుని, సంస్థానం జెండా పక్కన కాంగ్రెసు జెండా కూడా ఎగరవచ్చునని ఒప్పుకున్నారు. ఈ కథ చదివేటప్పుడు మనం ఎవరి పక్షాన నిలబడాలో తడుముకోనక్కర్లేదు.

నేనిక్కడ మాట్లాడబోయేది తడుముకోవలసిన జెండా తగాదా గురించి. హేగ్‌లోని శాశ్వత మధ్యవర్తిత్వ న్యాయస్థానం 1905 ఆగస్టు 8న ఒక తీర్పు ఇచ్చింది. తగవు పడినవాళ్ళు బ్రిటన్, ఫ్రాన్సు. తగవు దేనికంటే, మస్కట్ సుల్తాను ప్రజలైన అరబ్బు నావికులు తమ పడవల మీద ఫ్రెంచి జెండా ఎగరేసుకోవటం గురించి. న్యాయశాస్త్రం చదివేవాళ్ళు దీన్ని మస్కట్ దౌల కేసు అంటారు. సాహిత్య పత్రికలో తీర్పు మీద విమర్శ ఏమిటని కొందరికి అనిపించవచ్చు. తీర్పు కూడా ఒక రచనే కదా! దానిలోనూ పాత్రలుంటాయి, కథ నడిపే పద్ధతి ఉంటుంది, చెప్పకుండా దాటేసినవీ ఉంటాయి. ఈ దాటేసినవాటి కోసమే దీన్ని మన పాఠకుల ముందు పెడుతున్నాను.

ముందు కథ చెప్పాలి. ఒమాన్ తూర్పు కొసన సూర్ అనే రేవు ఉంది. అక్కడివాళ్ళు పుట్టు నావికులు. రుతుపవనాల గాలిని నమ్ముకుని ఖర్జూరాలు నింపుకుని తూర్పు ఆఫ్రికాకు పోతారు, గాలి తిరిగాక సరుకు మార్చుకుని వస్తారు. వాళ్ళ పడవలకు సంబూక్, బగ్లా, గంజా అని రకాన్ని బట్టి పేర్లున్నాయి. అన్నిటినీ కలిపి ‘దౌ’ అన్నది బయటివాళ్ళు. మన గోదావరి తీరంలో నావను నావ, ధోనీని ధోనీ అంటుంటే ఎవరో వచ్చి అన్నిటికీ ఒకే పేరు పెట్టినట్టు. తీర్పులో ఉన్నది ఆ బయటివాళ్ళ పేరే.

పంతొమ్మిదో శతాబ్దంలో బ్రిటిష్ యుద్ధనౌకలు బానిసల వ్యాపారాన్ని ఆపటానికని ఈ సముద్రంలో అరబ్బు పడవలను నిలిపి సోదా చేసేవి. ఫ్రాన్సుకు వేరే పట్టుదల ఉండేది. తన జెండా ఎగిరే ఓడలోకి పరాయి నౌకాదళంవాళ్ళు అడుగుపెట్టి సోదా చెయ్యటానికి అది ససేమిరా ఒప్పుకోలేదు. ఈ సందు సూర్ నావికులకు కనిపించింది. మయోట్ వంటి ఫ్రెంచి దీవుల్లోనో, తరువాతి రోజుల్లో ఎర్రసముద్రం ముఖద్వారం దగ్గరి ఒబోక్‌లోనో అధికారుల చేత కాగితాలు రాయించుకుని మూడు రంగుల ఫ్రెంచి జెండా కట్టుకున్నారు. ఇక సోదా భయం లేదు. సొంత రేవుకు తిరిగొస్తే సుల్తాను అధికారులకు కూడా అంతగా జవాబు చెప్పనక్కర్లేదు.

బ్రిటన్ అభ్యంతరం ఏమిటంటే, 1862 మార్చి 10న తామిద్దరూ మస్కట్, జాంజిబార్ సుల్తానుల స్వాతంత్ర్యాన్ని గౌరవిస్తామని ప్రకటన చేశారు, సుల్తాను ప్రజలను ఫ్రాన్సు తన జెండా కిందికి లాక్కుంటే ఆ స్వాతంత్ర్యం ఏం మిగిలింది అని. మాట సబబుగానే ఉంది. అన్నవాడెవరో చూడాలి మరి. ఆ ప్రకటనకు ముందటి ఏడాది, 1861లో, మస్కట్‌నూ జాంజిబార్‌నూ విడదీసి తీర్పు చెప్పినది ఇండియాలో కూర్చున్న కానింగ్ దొర. సుల్తాను ఫైసల్ ఫ్రాన్సుకు బొగ్గు నిల్వ చేసుకునేందుకు బందర్ జిస్సా అనే చోటు ఇస్తానన్నందుకు, 1899 ఫిబ్రవరిలో మస్కట్ రేవు ముందు యుద్ధనౌకలు నిలిపి, మాట వెనక్కి తీసుకోకపోతే ఫిరంగులు పేలుస్తామని బెదిరించినది కర్జన్ హయాంలోని మన ఇండియా ప్రభుత్వమే. మస్కట్ బజారులోని బనియా వర్తకులను, వాళ్ళలో కచ్ వంటి సంస్థానాల ప్రజలను కూడా, తన రక్షణలో ఉన్నవాళ్ళుగా లెక్కవేసి సుల్తాను చేతికి అందకుండా ఉంచినదీ బ్రిటనే. తన ఇంట్లో ఉన్న అలవాటే పక్కింట్లో కనిపిస్తే దానికి నేరమని పేరు!

ఇప్పుడు రచన దగ్గరికి వద్దాం. తీర్పు చిన్నది, కొద్ది పుటలే. రాసినవాళ్ళు ముగ్గురు. బ్రిటన్ తరఫున అమెరికా సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తి మెల్విల్ ఫుల్లర్, ఫ్రాన్సు తరఫున డచ్చి పెద్దమనిషి సావోర్నిన్ లోమన్, ఇద్దరి మీదా పెద్ద మధ్యవర్తిగా ఆస్ట్రియాకు చెందిన లామాష్. ఈ మూడోవాణ్ణి ఎంచటం కుదరక ఇటలీ రాజు చేత ఎంపిక చేయించారు. నలుగురు రాజుల సంబంధం ఉన్న ఈ వ్యవహారంలో మస్కట్ సుల్తాను వాది కాడు, ప్రతివాది కాడు. సూర్ నావికుల మాట చెప్పనే అక్కర్లేదు.

ఫుల్లర్ గురించి ఒక మాట. 1901లో పోర్టో రికో నుంచి న్యూయార్కుకు వచ్చిన నారింజపళ్ళ మీద సుంకం గురించి అమెరికా సుప్రీంకోర్టులో పెద్ద కేసు నడిచింది. జెండా పోయిన చోటికల్లా రాజ్యాంగం కూడా పోతుందా అన్నది అప్పటి ప్రశ్న. పోదని ఎక్కువమంది అంటే, పోవాలని భిన్న తీర్పు రాసిన నలుగురిలో ఫుల్లర్ ఒకడు. 1904లో పోర్టో రికో స్త్రీ ఒకామె అమెరికాకు పరాయిది కాదని ఏకగ్రీవ తీర్పు రాసినదీ ఆయనే. అయితే ఆమె పౌరురాలేనని మాత్రం అందులో చెప్పలేదు. జెండా కింద మనిషి ఎక్కడ నిలబడతాడన్న చిక్కు ఆయనకు కొత్త కాదన్నమాట. లామాష్ విషయం ఇంకా విచిత్రం. 1918లో ఆస్ట్రియా సామ్రాజ్యం కూలిపోయినప్పుడు దానికి చివరి ప్రధానమంత్రి ఆయనే. ఇతరుల జెండాలకు గడువు పెట్టినవాడి కళ్ళ ముందే సొంత జెండా దిగిపోయింది.

తీర్పులో మొదటి అడుగు బాగుంది. తన జెండా ఎవరికివ్వాలో నిర్ణయించుకునే హక్కు ఏ రాజ్యానికైనా సహజంగానే ఉంటుంది అంటుంది. కాబట్టి 1892 జనవరి 2కు ముందు ఫ్రాన్సు సుల్తాను ప్రజలకు జెండా ఇవ్వటం తప్పు కాదు. ఆ తేదీ ఎందుకంటే, బానిసల వ్యాపారాన్ని అరికట్టే 1890 నాటి బ్రస్సెల్స్ ఒప్పందాన్ని ఫ్రాన్సు ఆ రోజున ఖాయపరిచింది. ఆ ఒప్పందం ప్రకారం స్థానికుల పడవలకు జెండా ఇవ్వాలంటే యజమాని ఆ దేశపు ప్రజ అయినా కావాలి, దాని రక్షణలో ఉన్నవాడైనా కావాలి.

రక్షణలో ఉన్నవాడంటే ఎవడు? తీర్పు ప్రాణమంతా ఈ ఒక్క మాట మీద ఉంది. ఫ్రెంచిలో ‘ప్రోటెజే’. దీన్ని తెలుగు చెయ్యబోయి నేను చాలా అవస్థ పడ్డాను. ఆశ్రితుడు అంటే మన మనసులో విభీషణుడు మెదులుతాడు, ఆశ్రయమిచ్చినవాడి మీద ధర్మభారం పడుతుంది. శరణార్థి అంటే ఇల్లు వాకిలి పోగొట్టుకున్నవాడు. సూర్ నావికుడికి ఇల్లుంది, పడవుంది, ఖర్జూరపు తోట కూడా ఉండవచ్చు. చివరికి ‘ప్రాపు పొందినవాడు’ అని పెట్టుకున్నాను. ప్రాపులో కాస్త లౌక్యం ఉంది, ఇచ్చేవాడికీ పుచ్చుకునేవాడికీ లాభం ఉంది.

ఈ ప్రాపుకు తీర్పు గీసిన గీత చూడండి. టర్కీ సుల్తాను రాజ్యంలోనూ మొరాకోలోనూ యూరపు దొరలు అడిగినవాడికల్లా రక్షణ పత్రాలు పంచిపెట్టేవారు. ఆ రెండు చోట్లా 1863లో దానికి హద్దులు పెట్టారు. హేగ్ మధ్యవర్తులు ఆ సంవత్సరాన్ని పట్టుకొచ్చి మస్కట్‌కు తగిలించారు. 1892 తరువాత జెండా పొందినవాడు తాను 1863కు ముందే ఫ్రాన్సు ప్రాపులో ఉన్నానని రుజువు చేసుకోవాలి. అంటే తీర్పు నాటికి నలభై రెండేళ్ళ వెనకటి సంగతి. అప్పటికే పడవ నడిపే వయసున్నవాడు 1905లో ఎంత ముసలివాడై ఉండాలి! ఇస్తాంబులులో చేసిన చట్టం సూర్ రేవులో ఎవడి మీద ఎందుకు చెల్లాలో ఆ నావికులకు ఎవరూ చెప్పి ఉండరు.

1892కు ముందు జెండా పొందినవాళ్ళకు అది ఉంటుంది, ఫ్రాన్సు ఆ వ్యక్తికి పునరుద్ధరిస్తున్నంత కాలం. వేరేవాడికి బదిలీ చెయ్యటానికి వీల్లేదు. అదే యజమాని కొత్త పడవ కట్టుకుంటే దానికి కూడా చెల్లదు. పడవకు మస్కట్ నీళ్ళలో, 1844 నాటి ఫ్రెంచి ఒప్పందం ప్రకారం, ఎవరూ చొరబడరాదన్న రక్షణ ఉంటుంది. యజమానికి గానీ సరంగుకు గానీ కళాసీలకు గానీ వాళ్ళ కుటుంబాలకు గానీ సుల్తాను న్యాయాధికారం నుంచి తప్పించుకునే హక్కు లేదు. కొయ్యకు రక్షణ, మనిషికి లేదు.

నిషేధించకుండా నిషేధించటం అంటే ఇదే. ఎవరి జెండా దింపమనీ తీర్పు చెప్పలేదు. ఫ్రాన్సు గెలిచానని చెప్పుకోవచ్చు, బ్రిటన్ కూడా చెప్పుకోవచ్చు. పడవ చెదలు పట్టి, మనిషి ముసలివాడై పోతే చాలు, జాబితా దానంతటదే కరిగిపోతుంది. రచనగా చూస్తే చాలా తెలివైన రచన. సరిహద్దు మండలాల్లో భాషా మైనారిటీలుగా బతికే మనకు ఈ పద్ధతి బాగా పరిచయం. బడి మూసేస్తున్నామని ఎవరూ అనరు. పంతులు రిటైరైతే ఆ ఖాళీ నింపరు, అంతే.

ఈ తీర్పు సారాంశాన్ని ఆ మధ్య శ్రీనివాసపురంలో పదిమంది మిత్రుల మధ్య చదివాను. అందరూ సూర్ నావికుల పక్షం వహించారు. రెండు మహాసామ్రాజ్యాల మధ్య సందు చూసుకుని బతికినవాడు, వాడురా మొనగాడు అన్నారు. మామిడి మండీ నడిపే మిత్రుడు ఒకాయన, ఇది మన లారీలవాళ్ళ పనే కదా అన్నాడు. నిజమే. పన్ను తక్కువని ఎక్కడో నాగాలాండులో రిజిస్టరు చేయించిన టూరిస్టు బస్సులు మన రోడ్ల మీద తిరగటం అందరికీ తెలుసు. పనామా జెండాతో తిరిగే ఓడల యజమానులు పనామావాళ్ళు కారని కూడా తెలుసు. అటు ఆంధ్ర, ఇటు కర్ణాటక, కాస్త అవతల తమిళనాడు. మూడు చెక్‌పోస్టుల మధ్య పుట్టి పెరిగినవాళ్ళకు సందు చూసుకునేవాడంటే అభిమానం ఉండటం సహజం. మన సరిహద్దు కథల్లో నాయకుడెప్పుడూ వాడే. అటువాణ్ణి అటు, ఇటువాణ్ణి ఇటు బోల్తా కొట్టించి మధ్యలో నవ్వుతూ నడిచిపోతాడు. ఇటువంటి కథలు నాకూ ఇష్టమే. కానీ వీటి మీద నాకొక ఫిర్యాదు ఉంది. ఈ కథలు పడవ పైతట్టు మీదే ఆగిపోతాయి. కిందికి దిగి చూడవు.

కిందికి దిగి చూద్దాం. 1881 డిసెంబరు 3న జాంజిబారుకు ఉత్తరాన పెంబా దీవి దగ్గర ‘లండన్’ అనే యుద్ధనౌక కెప్టెన్ బ్రౌన్‌రిగ్, ఫ్రెంచి జెండా కట్టిన ఒక పడవ కనబడితే దాని కాగితాలు చూడటానికి చిన్న ఆవిరి పడవలో దగ్గరికి పోయాడు. ఫ్రెంచి జెండా కాబట్టి సోదా చేసే ఉద్దేశం ఆయనకు లేదు. ఆ పడవలో ఉన్నది బానిసలు. పైనున్నవాళ్ళు తుపాకులతో, కత్తులతో మీదపడి ఆయన్ను చంపేశారు. బ్రిటిష్ పుస్తకాల్లో ఈ సంఘటన కెప్టెన్ వీరమరణంగా నిలిచిపోయింది. పడవ అడుగున ఉన్నవాళ్ళు ఆ కథలో సరుకే, ఈ కథలో సరుకే. ఫ్రెంచి జెండా కట్టిన ప్రతి సూర్ పడవా బానిసలనే మోసిందని నేననను. ఖర్జూరాలు మోసినవీ ఉన్నాయి, బ్రిటిష్ సోదాల్లో అన్యాయంగా నష్టపోయినవీ ఉన్నాయి. ఆ జెండాకు విలువ ఎక్కడి నుంచి వచ్చింది అన్నది మాత్రం దాటవెయ్యరాని ప్రశ్న. సోదా అక్కర్లేదన్న హామీ ఎవరికి అందరికంటే ఎక్కువ అవసరమో ఆలోచించండి.

హేగ్ తీర్పు బ్రస్సెల్స్ ఒప్పందం మీద నిలబడింది, ఆ ఒప్పందం పుట్టినదే బానిసల వ్యాపారాన్ని ఆపటానికి. అయినా తీర్పు నిర్ణయాల్లో యజమాని ఉన్నాడు, సరంగు ఉన్నాడు, కళాసీలున్నారు, వాళ్ళ కుటుంబాలు కూడా ఉన్నాయి. పడవలో ఉండగలిగిన అందరినీ లెక్కపెట్టి, ఏ చట్టం ఎవరి కోసం పుట్టిందో ఆ ఒక్కణ్ణి లెక్కపెట్టలేదు. అడిగిన ప్రశ్నలకే జవాబు చెప్పాలి కదా అని న్యాయవాదులు అంటారు. ప్రశ్నలు రాసినవాళ్ళకు వాడు గుర్తుకు రాలేదనేదే నా విమర్శ. పైతట్టు మీది నావికుణ్ణి మెచ్చుకుని ఇంటికి పోయిన నా మిత్రులకు కూడా గుర్తుకు రాలేదు.

ఇదంతా అరబ్బుల కథ, మనకేమిటి అనేవాళ్ళకు యానాం చూపిస్తాను. గోదావరి ఒడ్డున, చుట్టూ బ్రిటిష్ నేల మధ్య, ఫ్రెంచి జెండా ఎగిరిన తెలుగు ఊరు. బాల్యవివాహాలను అరికట్టే శారదా చట్టం 1929లో వచ్చి 1930 ఏప్రిల్ 1 నుంచి అమలైంది. ఆడపిల్లకు పధ్నాలుగు, మగపిల్లాడికి పద్దెనిమిది నిండాలి. ఈ చట్టం బ్రిటిష్ ఇండియాకే గానీ యానాంకు కాదు. కోస్తా జిల్లాల నుంచి చిన్నపిల్లలను తీసుకుని పెళ్ళివారు యానాంకు తరలిపోయేవారు. ఊరికి కల్యాణపురం అనే పేరు వచ్చింది. సూర్ నావికులు కట్టుకున్న మూడు రంగుల జెండాయే అది. దాని కింద మన తాతలు సందు చూసుకున్నారు. ఆ తాతల తెలివిని ఇప్పటికీ ముచ్చటగా చెప్పుకుంటారు. దొర చట్టాన్ని దొర జెండాతోనే కొట్టామని నవ్వుతారు. బండిలో నిద్రపోతూ పోయిన ఎనిమిదేళ్ళ పిల్ల ఆ ముచ్చట్లో కనబడదు.

మన సాహిత్యానికి ఈ పిల్ల తెలియనిది కాదు. గురజాడ ‘కన్యాశుల్కం’ మొదట ఆడినది 1892లో, హేగ్ తీర్పు గీత గీసిన సంవత్సరమే. విజయనగరం మహారాజు తన సీమలో మూడేళ్ళ కాలానికి తీయించిన లెక్కలో 1034 కన్యాశుల్కపు పెళ్ళిళ్ళు తేలాయని ఆయన చెప్పుకున్నాడు. ఆ నాటకంలో గిరీశం, రామప్పంతులు వంటి సందు చూసుకునేవాళ్ళ మాటలకు మనం నూరేళ్ళకు పైగా నవ్వుతున్నాం. కథంతా నడిచేది సుబ్బి పెళ్ళి చుట్టూ, మాటలన్నీ తక్కినవాళ్ళవి. గురజాడకు ఆ సంగతి తెలుసు, తెలిసే అలా రాశాడని నా నమ్మకం. నవ్వి ఊరుకున్నది మనమే.

మైసూరు సీమవాళ్ళం కదా, మనకు ఇవి అంటలేదని గర్వపడే వీలు కొంత ఉంది. బ్రిటిష్ ఇండియా కంటే ముప్ఫై అయిదేళ్ళ ముందు, 1894లోనే, మైసూరు సంస్థానం శిశువివాహ నిషేధ చట్టం చేసింది. ఎనిమిదేళ్ళు నిండని ఆడపిల్లకు పెళ్ళి చెయ్యటం నేరం. యాభై దాటిన మగవాడు పధ్నాలుగేళ్ళలోపు పిల్లను చేసుకోవటం నేరం. లుబ్ధావధాన్లు కోలారులో ఉంటే జైలు చూసేవాడు. అయితే మన తాలూకా ఎక్కడుందో చూడండి. రాయల్పాడు దాటి మదనపల్లె దారి పడితే మద్రాసు రాజధాని వచ్చేది. 1930 దాకా అటువైపు ఇటువంటి చట్టమే లేదు. ముప్ఫై ఆరేళ్ళ పాటు ఈ గట్టు మీద నేరమైనది ఆ గట్టు మీద శుభకార్యం. మనకు యానాం పడవెక్కి పోవలసినంత దూరంలో లేదు, ఎడ్లబండికి అందే దూరంలోనే ఉంది.

మన పత్రిక పాఠకుల్లో సరిహద్దుకు రెండు వైపులా బంధుత్వాలు లేనివాళ్ళు అరుదు. ఇంట్లో పెద్దవాళ్ళు ముత్తవ్వల పెళ్ళి ముచ్చట్లు చెప్పేటప్పుడు ఒకటి అడగండి. మగపెళ్ళివారిదీ ఆడపెళ్ళివారిదీ మైసూరు సీమే అయినప్పుడు పందిరి పుంగనూరు వైపు ఎందుకు వేశారు, అప్పటికి పిల్లకెన్నేళ్ళు అని. చెప్పినది చెప్పినట్టు రాసి పంపండి, మాటల్లో మన యాస ఉంటే దిద్దకుండానే.